రెండు వందల చివరలు

వర్క్‌షాపులో, లేత్ మిషను పక్కన స్టూలు మీద కూర్చుని
ఫిబ్రవరి 9

పేపర్లో ఫోటో పడిన డాక్టరమ్మ గారికి,

నాలుగేళ్ల తర్వాత నీకు ఉత్తరం రాస్తున్నాను. క్షేమమా అని అడగను. ఫోటోలో బాగానే ఉన్నావు. తెల్లకోటు, చేతిలో గాజుగొట్టం, పక్కన మీ ప్రయోగశాల పెద్దాయన. నవ్వుతున్నావు కూడా. మీ అమ్మ పోయిన రోజు ఆసుపత్రి వరండాలో నన్ను పట్టుకుని "రాతికీ మీకూ తేడా లేదు బావా" అన్న నోరు ఇదేనా అని కాసేపు పరీక్షగా చూశాను.

పేపర్లో రాసింది మూడుసార్లు చదివాను. మెదడులో ప్రయాన్ అనే ప్రోటీను వంకరపోతుందట. పోయి ఊరుకోకుండా పక్కనున్న మంచిదాన్ని కూడా తనలాగే వంకర చేస్తుందట. అన్నీ కలిసి గడ్డ కడితే మనిషి నెలల్లో అయిపోతాడట. మీరు చెవికి వినపడని శబ్దంతో ఆ గడ్డల్ని పొడి పొడి చేశారట.

ఇక అసలు సంగతి. మీ అక్కకి అదే జబ్బు.

నవంబరులో మొదలైంది. పదహారేళ్లు ఈతకొలనులో ఎంతమందికో ఈత నేర్పిన మనిషి, ఒకరోజు నీళ్లలోకి దిగి గట్టు ఎటువైపు ఉందో తెలీక చేతులు చాపి తడుముకుంది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లే పట్టుకుని పైకి తెచ్చారు. తర్వాత మెట్ల మీద పడింది. తర్వాత తాళంచెవి చేతిలో పట్టుకుని ఇది దేనికి అని నన్నడిగింది. వెన్నులోంచి నీళ్లు తీశారు, తల ఫోటోలు తీశారు, రక్తం ఎక్కడికో పంపారు. పోయిన వారం చెప్పారు. మీ అమ్మదీ ఇదే అయ్యుంటుందన్నారు.

ఫోన్ ఎందుకు చెయ్యలేదని అడుగుతావు. మా ఇంట్లో ఫోన్లన్నీ నోరు మూయించాం. చెంచా కిందపడితే చాలు, మీ అక్క ఒళ్లంతా మంచం మీద ఎగిరిపడుతుంది. కాలింగ్ బెల్లు వైరు పీకేశాను. ఇంకో కారణం, నీతో ఫోన్లో మాట్లాడితే నేను అరుస్తాను.

ఆ యంత్రం దగ్గరికి ఆమెని ఏ రోజు తీసుకురావాలో రాయి. బతిమాలడం నాకు చేతకాదు. ఇదే బతిమాలడం అనుకో.

మీ అక్క మొగుడు

*

ప్రయోగశాల, మూడో అంతస్తు
ఫిబ్రవరి 14

బావగారికి,

అక్కకి నవంబరులో మొదలైతే నాకు ఫిబ్రవరిలో తెలిసింది. అదీ నా దగ్గర యంత్రం ఉందని పేపర్లో చూశాక. ఈ ముక్క ముందు రాయకపోతే మిగతాది రాయడానికి చెయ్యి సాగడం లేదు.

ఇప్పుడు మీరు అడిగినదానికి జవాబు. మీరు యంత్రం అంటున్నది ఒక నీళ్ల కప్పు. టీ గ్లాసు కంటే కాస్త పెద్దది. చనిపోయినవాళ్లు ముందే రాసిచ్చి పోయిన మెదడులోంచి గోరంత ముక్క తీస్తాం. మెత్తగా నూరి చిన్న గొట్టంలో వేస్తాం, మూత బిగిస్తాం, ఆ గొట్టాన్ని నీళ్ల కప్పులో నిలబెడతాం. కింద నుంచి శబ్దం పంపిస్తాం. నీళ్లు వణుకుతాయి, గొట్టంలోని గడ్డలు చిట్లుతాయి. మైక్రోస్కోపులో చూస్తే ముందు కనపడ్డవి తర్వాత కనపడవు. మేము చేసింది ఇంతే. పేపరువాళ్లు దాన్ని మందు చేసి పెట్టారు. బతికున్న మనిషి తల ఆ కప్పులో పట్టదు. తీసుకురావద్దు.

ఇంకో మాట. మీరు రాసిన ఉత్తరంలో ఒక వాక్యం చాలా తేలిగ్గా దాటేశారు, "మీ అమ్మదీ ఇదే అయ్యుంటుందన్నారు" అని. అమ్మకి అరవై రెండేళ్లు. మూడున్నర నెలల్లో మంచాన పడి పోయింది. వయసు మతిమరుపు అని కాగితం రాసిచ్చారు. నేను అడిగింది ఒక్కటే, మెదడుని పరీక్షకి ఇవ్వండి అని. మీరు శవాల గది తలుపుకి అడ్డంగా నిలబడి, మా అత్తగారి తల మీద ఎవడి కత్తీ పడదన్నారు. ఆ రోజు ఒప్పుకుని ఉంటే ఇది వంశంలో దిగే రకమని అప్పుడే తెలిసేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను. చేతులు కాల్చుకున్నవాళ్లు ఆకులు నువ్వెందుకు తేలేదని ఎదుటివాళ్లని తిట్టడం మీ దగ్గరే చూస్తున్నాను.

వచ్చే ఆదివారం అక్కని చూడటానికి వస్తున్నాను.

మరదలు

*

ఇంటి నుంచి, వంటగది బల్ల
ఫిబ్రవరి 17

మరదలికి,

రావద్దు. మందు లేకుండా వచ్చి తల నిమిరి వెళ్లేవాళ్లు మాకు ఇప్పటికే ఎక్కువయ్యారు.

నాలుగేళ్ల కిందటే తెలిసేది అంటున్నావు. తెలిసి ఏం చేసేదానివి? నువ్వే చెప్పావుగా, ఉన్నది నీళ్ల కప్పేనని. తెలిసుంటే నాలుగేళ్లు ముందు నుంచి ఏడ్చేవాళ్లం, అంతే తేడా. మీ అక్క ఆ నాలుగేళ్లూ ఈత నేర్పింది. మా పాపతో పోట్లాడింది. కొత్త కర్టెన్లు కుట్టించి, రంగు నచ్చలేదని వెనక్కి ఇచ్చి, దర్జీతో మాటలు పడింది. అవన్నీ ఆమెకి దక్కాయి. నీ పరీక్ష పుణ్యమా అని ఒక్కటీ దక్కేది కాదు.

పాప సంగతి రాస్తాను, నీకు అక్కర్లేకపోయినా. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బండి ఎక్కడ ఆగిందో చెప్పే ఉద్యోగం తనది. రోజంతా ఊరు ఊరంతా వినేలా మాట్లాడి, ఇంటికొచ్చి గుసగుసలాడుతుంది. మొన్న తుమ్ము వస్తే ఆపుకోలేక బయటికి పరిగెత్తింది.

నువ్వు కాదన్నావు కదా అని నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సోమవారం సెలవు పెట్టి మీ పెద్దాయన్ని కలిశాను. నువ్వు లేని టైము చూసుకునే వెళ్లాను. ఎంత మర్యాదస్తుడు! కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. నీళ్ల కప్పు మాట నిజమే అన్నాడు. కాకపోతే తలకి హెల్మెట్టులా తొడిగే శబ్దం యంత్రం ఒకటుందట, చేతులు వణికే జబ్బుకి పెద్దాసుపత్రుల్లో వాడుతున్నదేనట. దాన్ని ఈ గడ్డల మీద వాడి చూడొచ్చన్నాడు. వేరే దారి లేని మనిషి కాబట్టి అనుమతి వస్తుందన్నాడు. అంగీకార పత్రం ఇచ్చాడు. పన్నెండు పేజీలుంది. ఏప్రిల్ రెండున సంతకం పెట్టి ఇవ్వాలి.

అంటే దారి ఉంది. నువ్వే చెప్పలేదు.

బావ

*

ప్రయోగశాల
ఫిబ్రవరి 20

బావా,

ఆ పత్రం మీద సంతకం పెట్టకండి.

హెల్మెట్టు యంత్రం ఉన్న మాట నిజం. అది చేసే పని వేరు, ఇది వేరు. అంతకంటే వివరంగా రాయలేను. ఇక్కడ పనిచేసేవాళ్లకి కొన్ని కట్టుబాట్లు ఉంటాయి, అచ్చు కాని విషయాలు బయటికి రాయకూడదు. నా మాట మీద నమ్మకం ఉంచి ఆగండి.

అక్కని చూడటానికి నన్ను రానివ్వరు, సరే. నన్ను అడగకుండా మా పెద్దాయన దగ్గరికి మాత్రం వెళ్లకండి.

మరదలు

*

వర్క్‌షాపు
ఫిబ్రవరి 26

కట్టుబాట్లు ఉన్న డాక్టరమ్మకి,

నీ మాట మీద నమ్మకం ఉంచాలా? ఏ మాట మీద? ఒక ఉత్తరంలో నీళ్ల కప్పు అన్నావు. ఇంకో ఉత్తరంలో హెల్మెట్టు ఉంది కానీ వద్దన్నావు. ఎందుకంటే చెప్పనన్నావు. మా వర్క్‌షాపులో కొత్తగా చేరినవాడు ఇలా మాట్లాడితే, ఏదో విరగ్గొట్టి దాచిపెట్టాడని అర్థం. నువ్వేం విరగ్గొట్టావు?

నాకు తోచింది చెప్తాను. మీ పెద్దాయన పేరు మీద పని జరిగితే నీ పేరు వెనక్కి పోతుందని నీ భయం. లేదంటే అక్క మీద చేస్తే, అది పనిచెయ్యకపోతే, నీ ఫోటో ఇంకోసారి పడదని. చిన్నప్పుడు మీ అక్క నీకు జడ వేస్తుంటే కూడా పుస్తకంలోంచి తల ఎత్తేదానివి కాదట. తనే చెప్పి నవ్వేది. నాకు అందులో నవ్వు ఎక్కడుందో ఇప్పటికీ తెలీలేదు.

మునిగేవాడికి గడ్డిపోచ చాలంటారు. గడ్డిపోచ ఇచ్చిన చెయ్యి ఆయనది. ఆ చేతి మీద కొడుతున్న చెయ్యి నీది.

ఆమె ఎలా ఉందో రాయకూడదనుకున్నాను. కానీ నువ్వు మైక్రోస్కోపులో తప్ప చూడవు కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడు నడవలేదు. మింగడం కష్టమైంది. గోడ మీద నీళ్లు కారుతున్నాయంటుంది, తుడవమంటుంది. నేను గుడ్డ తీసుకుని పొడి గోడ తుడుస్తాను. తుడిచాక నిమ్మళంగా పడుకుంటుంది. నిన్న నీ చిన్నప్పటి ముద్దుపేరు పెట్టి పిలిచింది, "పిచుక లేచిందా?" అని. లేవలేదు, పడుకోనీ అన్నాను.

ఏప్రిల్ రెండున సంతకం పెడుతున్నాను. కారణం లేని వద్దులు నాకు పంపకు.

బావ

*

గది నుంచి (ప్రయోగశాల కాగితం మీద కాదు)
మార్చి 3

బావా,

కారణం రాస్తున్నాను. ఇది రాసినందుకు నా ఉద్యోగం పోవచ్చు. మిమ్మల్ని జాలి పడమని రాయలేదు, ఇది ఊరికే రాసిన ఉత్తరం కాదని తెలియడానికి రాశాను.

ప్రయాన్ గడ్డ అంటే ముద్దలా ఉండదు. పొడుగాటి పుల్లలా ఉంటుంది. ఆ పుల్ల మధ్యలో పెరగదు, చివర్ల దగ్గర పెరుగుతుంది. మంచి ప్రోటీను వచ్చి చివర తగిలితే అది కూడా వంకరపోయి అక్కడే అతుక్కుంటుంది. మీరు కడ్డీలతో బతికే మనిషి, మీకు లెక్క చెప్పక్కర్లేదు. ఒక కడ్డీకి రెండు చివరలు. దాన్ని వంద ముక్కలు చేస్తే రెండు వందల చివరలు. మేము శబ్దంతో చేసింది అదే. గడ్డలు కనపడకుండా పోయాయి, నిజమే. ముక్కలైపోయాయి కాబట్టి కనపడలేదు. చావలేదు.

ఇది ఊహ కాదు. పోయిన ఏడాది చిట్టెలుకలకి ఎక్కించి చూశాం. మామూలు గడ్డ ఎక్కించినవి నూట అరవై రోజులకి పడిపోయాయి. శబ్దంతో పగలగొట్టింది ఎక్కించినవి నూట పదహారు రోజులకే పడిపోయాయి. పగలగొట్టడం వల్ల జబ్బు నెమ్మదించలేదు, పరిగెత్తింది. చివరి ఎలుక అక్టోబరు ఇరవై ఏడున పోయింది. పుస్తకంలో రాసింది నేనే. ఆ పేజీ నకలు ఇందులో పెడుతున్నాను, చేతిరాత మీరు గుర్తుపడతారు.

పెద్దాయన దుర్మార్గుడు కాదు. ఎలుకల్లో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. ఇంకోసారి చేసి చూసేదాకా ఎవరితోనూ అనొద్దన్నారు. ఇరవై ఏళ్ల పని ఆయనది. ఒక పేజీతో దాన్ని వదులుకోలేకపోతున్నారు. నేను సరే అన్నాను. ఫోటో తీసింది ఫిబ్రవరిలో. అప్పటికి ఎలుకలు పోయి మూడు నెలలు దాటింది. నవ్వమన్నారు, నవ్వాను.

మీరు అడిగారుగా ఏం విరగ్గొట్టావని. ఇదీ జవాబు.

ఆ హెల్మెట్టు అక్క తలకి తొడిగితే ఆమెకి మిగిలిన రోజులు కూడా మిగలవు. సంతకం పెట్టకండి.

పిచుక లేచిందని అక్కకి చెప్పండి.

మరదలు

*

ఇంటి నుంచి
మార్చి 11

మరదలా,

కాగితం వెనక్కి ఇచ్చేశాను. పన్నెండు పేజీలూ, సంతకం లేకుండా.

నీ ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లలేదు, భయపడకు. పేజీ నకలు కూడా జేబులోంచి తియ్యలేదు. ఎలుకల సంగతి ఏంటి సార్ అని మాత్రం అడిగాను. ఆయన మొహం పక్కకి తిరిగింది.

"ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరు చెప్పారని కాదు సార్ నేను అడిగింది."

బల్ల మీది కాగితాలు సర్దాడు. తర్వాత, మీ మరదలు అక్క మీద బెంగతో ఉంది, మనసు సరిగా లేనప్పుడు మనుషులు అన్నీ చెడ్డగానే చూస్తారన్నాడు. లేచి వచ్చేశాను. లేత్ మీద రాలిన ఇనుప రజను ఊదితే కంట్లో పడుతుంది, అరచేత్తో ఊడ్చెయ్యాలి. అది తెలిసినవాడిని కాబట్టి గదిలో అరవలేదు.

అంతమాత్రాన నీకు దండం పెడతాననుకోకు. నేను కృతజ్ఞతలు చెప్పడానికి రాయడం లేదు. పేపర్లో ఆ వార్త చదివిన రోజు నేను రోడ్డు మీద నిలబడి ఏడ్చాను. సంతోషంతో. యాభై ఒక్కేళ్ల మనిషిని, టీకొట్టు ముందు, అందరూ చూస్తుండగా. ఆ వార్త అబద్ధమని నీకు అప్పటికే తెలుసు. నాలాగే ఇంకెంతమంది మొగుళ్లు, ఎంతమంది కొడుకులు ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని ఉంటారో ఒక్కసారి ఆలోచించు. వాళ్లందరికీ మరదళ్లు ఉండరు.

ఇక ఇంకో సంగతి. ఇది చెప్పనని మాట ఇచ్చాను. మాట తీసుకున్నావిడకి ఇప్పుడు గుర్తులేదు, అందుకని తప్పుతున్నాను.

మీ అమ్మ మెదడు ఇవ్వనన్నది నేను కాదు. మీ అక్క. ఆ రోజు పొద్దున్నే వరండా చివర నన్ను పక్కకి పిలిచింది. అందులో ఏముందో తెలిస్తే నేను ఒక్క రోజు కూడా బతకలేనండీ, పాప మొహం చూడలేనండీ, అంది. చెల్లెలు అడిగితే కాదనలేను, మీరే అడ్డం పడండి, నన్ను బయటపెట్టకండి అంది. పడ్డాను. రాతికీ నాకూ తేడా లేదనిపించుకున్నాను. నాలుగేళ్లు ఆ మాట మోశాను. బరువేం కాదు, అలవాటైపోయింది. కానీ ఇక ఆమె వినలేదు కాబట్టి నువ్వన్నా విను.

ఇంటికి మాత్రం రావద్దు. నిన్ను చూస్తే నా నోరు నా మాట వినదు. ఆమెకి చప్పుడు పడదు.

బావ

*

గది నుంచి
ఏప్రిల్ 19

బావా,

నెలపైన ఆగి రాస్తున్నాను. ఎలుకల లెక్కలున్న ఆ పుస్తకాన్ని సంస్థ విచారణ కమిటీకి ఇచ్చాను. అయిదుగురు కూర్చుని నాలుగు రోజులు అడిగారు. ఎందుకు ముందే చెప్పలేదని అందరూ అడిగారు, ఒకే ప్రశ్నని అయిదు రకాలుగా. జవాబు ఒకటే చెప్పాను, పిరికితనం అని. రాసుకున్నారు. పెద్దాయన్ని సెలవు మీద పంపారు. నన్ను పనిలోంచి తీసేశారు. దాచినందుకో, బయటపెట్టినందుకో కాగితం మీద రాయలేదు. వార్త తప్పని పేపరువాళ్లు నాలుగు లైన్లు వేశారు, ఏడో పేజీలో, పెళ్లి సంబంధాల ప్రకటనల కింద. జేబులో మొదటి వార్త పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది ఏడో పేజీ చూస్తారో నాకూ తెలీదు. మీరు అడిగింది రోజూ తలుచుకుంటున్నాను.

మీరు అమ్మ సంగతి రాసింది చదివి మీ మీద కోపం పోతుందనుకున్నాను. పోలేదు. నాలుగేళ్లు నన్ను తప్పు చెయ్యని మనిషిని ద్వేషించనిచ్చారు. మీరు మంచివారని తెలిసి నేనేం చేసుకోను? అక్క మీద కోపగించుకునే టైము నాకు మిగల్చలేదు. మంచాన ఉన్న మనిషి మీద కోపం ఎలా వస్తుంది? వస్తోంది బావా. వస్తోంది, ఏడుపొస్తోంది, రెండూ ఒకే గొంతులోంచి.

ఒక్కసారి రానివ్వండి. చెప్పులు వీధిలోనే విప్పుతాను. మాట్లాడను. మీరు ఇంట్లో లేని టైము చెప్పినా సరే.

మరదలు

*

వర్క్‌షాపు
ఏప్రిల్ 24

మరదలికి,

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి రా. గంటసేపు. పాప ఇంట్లో ఉంటుంది. నేను పెరట్లో ఉంటాను. నాతో మాట కలపకు, నేనూ కలపను. తలుపు తట్టొద్దు, తోసుకుని రా. మడతబందుకి నూనె వేశాను.

బావ

*

ఇంటి నుంచి
జూలై 6

మరదలికి,

మొన్న గురువారం పొద్దున పదిన్నరకి మీ అక్క పోయింది. పాప ఫోన్ చేసి చెప్పింది, నువ్వు వచ్చావు, అన్నీ చూశావు. మరి ఎందుకు రాస్తున్నానంటే, ఆ రోజు నీతో మాట్లాడలేదు. అంతమందిలో నీ మీద కోపం చూపించడం బాగుండదని ఊరుకున్నాను. కోపం లేకపోవడం వల్ల కాదు.

ఆ ఆదివారం నువ్వు వచ్చినప్పుడు నేను పెరట్లో లేను. కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె నిన్ను గుర్తుపట్టలేదు, "అమ్మా" అంది. నువ్వు కాదని చెప్పలేదు. "ఊఁ" అన్నావు. గోడ మీద నీళ్లు తుడవమంటే లేచి తుడిచావు. ఎక్కడ తుడవాలో నీకెవరూ చెప్పలేదు, ఆమె చూస్తున్న చోటే తుడిచావు. చూస్తూ నిలబడ్డాను. నాకు అది నచ్చలేదు. నా పని నువ్వు నాకంటే బాగా చేస్తుంటే ఎలా నచ్చుతుంది?

మెదడు ఇచ్చాను. ఆసుపత్రి వాళ్లు అడగకముందే నేనే అడిగి ఇచ్చాను. తల మీద కత్తి పడకూడదన్నది ఆమె భయం కొద్దీ అన్న మాట, ఇప్పుడు ఆమెకి భయం లేదు. పాపకి మాత్రం ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు సరైన దారి కనిపెట్టాలంటే చూడ్డానికి ఏదో ఒకటి ఉండాలి కదా. కాగితం మీద ఒక షరతు రాయించాను, మీ పాత ప్రయోగశాలకి పంపకూడదని. నీ పేరు కూడా రాయించబోయాను. పాప నా చేతిలోంచి పెన్ను లాక్కుంది.

ఆ పిల్లే ఇప్పుడు నీ దగ్గరికి బయలుదేరుతోంది. తనకి కూడా ఉందో లేదో సగానికి సగం అని డాక్టరు చెప్పాడట. రక్తం పరీక్ష చేయించుకోవాలా వద్దా అని పిన్నినే అడుగుతానంటోంది. నన్ను అడగనంది. నీకు ఒకటే చెప్తున్నాను. పేపరువాళ్లకి చెప్పినట్టు దానికి చెప్పకు. నాకు చెప్పినట్టు చెప్పు.

బావ

*

గది నుంచి
జూలై 21

బావా,

పాప మూడు రోజులుండి వెళ్లింది. మొదటి రోజు ఏమీ అడగలేదు. రెండో రోజు చపాతీ పిండి కలుపుతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది. తెలిస్తే ఏమవుతుంది, తెలియకపోతే ఏమవుతుంది, రెండూ చెప్పాను. ఇవాళ దీనికి మందు లేదని చెప్పాను. రేపు ఉండొచ్చని చెప్పాను, ఉంటుందని చెప్పలేదు. అమ్మమ్మ విషయంలో వాళ్లమ్మ ఏం చేసిందో చెప్పాను, ఎందుకు చేసిందో కూడా. కాసేపు ఏడ్చింది. అమ్మ చేసింది తప్పా అనడిగింది. ఒకప్పుడు తప్పనుకున్నాను, ఇప్పుడు తెలీదన్నాను. అది నిజం.

తను పరీక్ష ఇప్పుడే చేయించుకోనంది. పిల్లల్ని కనాలనుకున్న రోజు చేయించుకుంటానంది. దాని నిర్ణయం అది. నేను అవునని కానీ కాదని కానీ అనలేదు.

వెళ్లే రోజు చెప్పులు వేసుకుంటూ ఆగి, "నువ్వు చేయించుకున్నావా పిన్నీ?" అంది.

చేయించుకున్నాను. మీ మొదటి ఉత్తరం వచ్చిన వారానికే రక్తం ఇచ్చాను. ఏప్రిల్ మొదట్లో కాగితం వచ్చింది. ఆ ఆదివారం అక్క పక్కన కూర్చున్నప్పుడు నాకు తెలుసు. గోడ తుడుస్తున్నప్పుడు తెలుసు. దాన్ని ఆ ఇంట్లో ఎలా చెప్పాలో తెలీక నోరు మూసుకున్నాను. మూసుకోవడం నాకు అలవాటే కదా.

నాకు లేదు బావా.

అమ్మ నుంచి అక్కకి వచ్చింది, నాకు రాలేదు. ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని పెరిగాం. అక్క ముందు, నేను వెనక, అంతే తేడా. పాపకి ముందు చెప్పాను, రెండోసారి మీకు చెప్తున్నాను. మూడోవాళ్లు ఎవరూ లేరు. మీరు తిట్టండి. ఈ విషయంలో మీరేం అన్నా న్యాయమే అనిపిస్తుంది.

మరదలు

*

వర్క్‌షాపు
ఆగస్టు 2

మరదలికి,

ఉత్తరం అందింది. పది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను.

నీకు లేదని చదవగానే ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. చేతిలో ఉన్న స్పానరు విసిరి కొట్టాను, ఎవరికీ తగల్లేదు. ఇంట్లో ఇప్పుడు ఎంత చప్పుడైనా పర్వాలేదు. అది కూడా ఒక రకంగా బాధే. పాప సన్నగా గుసగుసగానే మాట్లాడుతోంది ఇంకా. గట్టిగా మాట్లాడమ్మా, పర్లేదు అంటే, అలవాటైపోయింది నాన్నా అంటుంది.

నిన్ను తిట్టమన్నావు. తిట్టడానికి కూర్చున్నాను, నాలుగు కాగితాలు చించాను. రాని జబ్బుకి మనిషిని ఎలా తిట్టాలో నాకు తెలీదు.

మీ అక్క ఉండి ఉంటే ఈ ఉత్తరం ఆమె చదివేది. చదివి, కళ్లద్దాలు తీసి, చీరకొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చదివేది. పాపని పిలిచి చదివించేది. పక్కింటావిడకి చెప్పేది. ఆ రోజు ఇల్లంతా తనదే హడావుడి. నాకు తెలుసు ఆమె ఏం అనేదో, ఇరవై ఆరేళ్లు కాపురం చేశాను.

అందుకని ఆమె తరఫున రాస్తున్నాను. చాలా సంతోషం పిచుకా.

నా తరఫున రాయడానికి ఇంకా టైము పడుతుంది.

బావ